కనబడితే దిగుతా

ఒకప్పుడు తామరాకుల మీద నడిచే పిట్టే లేదు. తామరకోడికి అప్పటికింకా ఆ పేరు కూడా రాలేదు. దాని కాళ్ళు మామూలు కోడి కాళ్ళే, వేళ్ళు మామూలు కోడి వేళ్ళే. బాతులతో పాటు అదీ నీళ్ళలో దిగి ఈదేది. ఇష్టమై కాదు, అందరూ ఈదుతున్నారు కాబట్టి.

ఆ రోజుల్లో రెండు నదుల మధ్య పల్లంలో ఒక పెద్ద సరస్సు ఉండేది. ఈ ఒడ్డున నిలబడి గొంతు చించుకున్నా ఆ ఒడ్డుకి వినపడదు. ఒడ్డు పొడుగునా మనిషెత్తు కిక్కిస గడ్డి. నడిమధ్యలో తామరాకులు. నీళ్ళు మాత్రం, ఏం చెప్పమంటారు, అచ్చం కుడితి. జానెడు లోతుకి కింద ఏముందో ఏ కంటికీ కనబడేది కాదు.

ఆ సరస్సు పిట్టలకు ఒక ఆనవాయితీ ఉండేది. దాని పేరు మట్టిమునక. తొలకరి పడగానే, కిక్కిసలో గూడు కట్టుకోవాలనుకునేవాళ్ళు ఇంటికొకరు చొప్పున నీళ్ళలో మునగాలి. అడుగుదాకా పోయి, ముక్కుతో ఇంత మట్టి పట్టుకొచ్చి చూపించాలి. చూపిస్తే గూటికి చోటు. లేకపోతే లేదు. పిల్లలు పుట్టిన మూడోనాడు వాళ్ళనీ అదే నీళ్ళలో ముంచాలి.

ఎవరు పెట్టారయ్యా ఇది అంటే ఎవరికీ తెలియదు. ఎందుకు పెట్టారయ్యా అంటే అదీ తెలియదు. అడిగినవాడి వైపు మాత్రం, వీడెక్కణ్ణించి ఊడిపడ్డాడురా అన్నట్టు చూసేవాళ్ళు.

మట్టిమునకకు పెద్ద నీటికాకి. నల్లగా నిగనిగలాడుతూ, సరస్సులో పాతిన పాత వెదురు గెడ మీద మెడ సాచి కూర్చునేవాడు. అందరూ ఆయన్ని మునసబుగారూ అని పిలిచేవాళ్ళు. మునగడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ సంగతి రోజుకి పదిసార్లు ఆయనే చెప్పేవాడు.

ఆ ఏడు తొలకరికి బుల్లబ్బాయి వంతు వచ్చింది. బుల్లబ్బాయి అంటే మన తామరకోడే. పొడుగాటి తోక, మెడ వెనకాల పసుపు పూసినట్టు మచ్చ, మెత్తటి మనిషి. పిట్టని పట్టుకుని మనిషి అంటానేమిటని అడక్కండి. మంచివాళ్ళనెవరినైనా మా ఇంట్లో అలాగే అంటాం.

పక్కనే అతని పెళ్ళాం మంగాయమ్మ నిలబడి ఉంది. కడుపులో నాలుగు గుడ్లున్నాయి. ఇవాళో రేపో పెట్టేయాలి. చోటు కావాలి.

"ఊఁ, కానియ్యరా బుల్లబ్బాయ్. పొద్దెక్కిపోతంది, దిగు" అన్నాడు మునసబు గెడ మీంచి.

బుల్లబ్బాయి నీళ్ళలోకి చూశాడు. తన మొహమే మసగ్గా కనబడింది. దాని కింద ఏమీ కనబడలేదు.

"దిగనండి" అన్నాడు.

మునసబు గెడ మీంచి ముందుకి వంగాడు.

"ఏటన్నావ్?"

"దిగనంటన్నానండి. అడుగు కనబడ్డం లేదు."

అంతా ఒక్కసారి గొల్లుమన్నారు. బుడుబుంగ పిన్నికైతే నవ్వుతో పొలమారింది. బుడుబుంగ ఎవరో మీకు తెలుసు కదా, ఇప్పుడిక్కడ మునిగి ఇంకెక్కడో తేలే బుల్లిపిట్ట. "ఒరే, మీ నాన్న దిగేడు, మీ తాత దిగేడు. నీకేం మాయరోగం వచ్చిందిరా?" అంది.

"లోపల ఎవరో ఉన్నారు పిన్నీ."

బుల్లబ్బాయి ఊరికే అన్న మాట కాదది. అతని చిన్నప్పుడు వాళ్ళమ్మ నలుగురు పిల్లల్ని వరసగా వెంటేసుకుని ఇదే నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళింది. బుల్లబ్బాయి అందరికంటే చివర. అతని ముందు వాళ్ళక్క. ఉన్నట్టుండి అక్క లేదు. అరవలేదు, రెక్క కొట్టలేదు. నీళ్ళ మీద ఒక గుండ్రం లేచి, పెద్దదై, చెరిగిపోయింది. ఆ గుండ్రం మధ్యలో ఒక పొడుగాటి మీసం పైకొచ్చి మళ్ళీ కిందకి పోయింది. బుల్లబ్బాయి దాన్ని తన కళ్ళతో చూశాడు.

ఒడ్డుకి చేరాక "అక్కేదమ్మా?" అని అడిగాడు. "ముందెళ్ళిపోయింది నాన్నా" అంది వాళ్ళమ్మ.

ఆ సరస్సులో పిల్ల కనబడకపోతే అందరూ అనే మాట అదే. ముందెళ్ళిపోయింది. ఎక్కడికెళ్ళిందో ఎవరూ వెళ్ళి చూడలేదు. చూడాలంటే నీళ్ళు కుడితాయె.

"నీళ్ళలో ఏమీ లేదురా. నీ గుండెల్లోనే ఉంది, భయం. భయపడ్డోణ్ణే నీళ్ళు ముంచేది" అన్నాడు మునసబు.

"భయమేనండి. లేదని నేనెక్కడన్నాను? భయమేత్తంది కాబట్టే దిగనంటన్నాను."

"ఆనవాయితీరా అది!"

"అయితే ఆ ఆనవాయితీనే దిగమనండి. నేను దిగను. అడుగు కనబడితే దిగుతాను. ఇప్పుడు కనబడితే ఇప్పుడే దిగుతాను."

మునసబు మెడ ఇంతయింది. తన గెడ ముందు నిలబడి ఇంత మాటన్నవాడు అంతకు ముందు లేడు. "అయితే కిక్కిసలో నీకు చోటు లేదు. పో! నడిమధ్యకి పోయి ఆకుల మీద కట్టుకో కాపురం!" అన్నాడు.

మళ్ళీ నవ్వులు. ఆకు మీద కాలు పెడితే ఆకు మునిగిపోతుందని పసిపిల్లకు కూడా తెలుసు. బుల్లబ్బాయికి సిగ్గేసింది. నిజం చెప్పాలంటే ఏడుపు కూడా వచ్చింది. కానీ దిగలేదు.

మంగాయమ్మ నోరున్న మనిషి. దారంతా సణుగుతూనే ఎగిరింది. "నాకో మాట చెబితే నేనే తెచ్చేదాన్ని కదా ఆ ముష్టి మట్టి!"

"నువ్వూ దిగొద్దు మంగా."

"మరి గుడ్లు నీ నెత్తిన పెట్టమంటావా?"

బుల్లబ్బాయి మొహం చూసి మంగాయమ్మ కాస్త మెత్తబడింది. ఆ అక్క సంగతి ఆవిడకీ తెలుసు.

"సరే, విను. దిగనన్నది నువ్వు. అంచేత గుడ్ల మీద కూకునేది కూడా నువ్వే. లేచావంటే ఊరుకోను. పైన గద్దల సంగతి నేను చూసుకుంటాను" అంది.

ఆ రోజుల్లో గుడ్ల మీద తల్లి కూర్చునేది, తండ్రి షికారు తిరిగేవాడు. ఇలా తిరగేసి ఒప్పందం చేసుకున్నవాళ్ళు వీళ్ళే మొదలు. వెడల్పాటి ఆకొకటి చూసి, నాలుగు నాచుపోగులు పేర్చి, నిగనిగలాడే గోధుమరంగు గుడ్లు నాలుగు పెట్టింది మంగాయమ్మ. పెట్టేసి కాపలాకి ఎగిరిపోయింది.

బుల్లబ్బాయి ఆకు మీద కాలు పెట్టాడు. ఆకు వంగింది. నీళ్ళు జివ్వున మీదకొచ్చి గుడ్లను తడిపాయి. హడలిపోయి వెనక్కి గెంతాడు. అటువైపు కూడా వంగింది.

"అబ్బా! ఏం తొక్కుడయ్యా ఇది!" అంది కింద నుంచి ఒక గొంతు.

మాట్లాడింది తామర.

"తప్పయిపోయిందక్కా. ఎక్కడ నిలబడాలో తెలీడం లేదు."

"ఎక్కడ కాదు, ఎలాగన్నది తెలుసుకో. ఉన్న బరువంతా తెచ్చి ఒక్కచోట కుమ్మరిస్తే మునగనా? నన్ను చూడు. నేనూ నీళ్ళ మీదే ఉన్నాను, మునిగానా? పరుచుకున్నాను కాబట్టి తేలాను. నువ్వూ పరుచుకో."

"నాకున్నవి ఈ నాలుగు వేళ్ళే కదక్కా."

"ఆ నాలుగే చాచు."

బుల్లబ్బాయి వేళ్ళు చాచాడు.

"ఇంకా."

ఇంకా చాచాడు. కీళ్ళు పటపటమన్నాయి. ఆకు ఒక వెంట్రుకవాసి పైకి లేచింది.

"చూశావా? ఇంకా."

అలా ఇరవయ్యారు రోజులు. గుడ్ల మీద కూర్చున్నంతసేపూ వేళ్ళు చాచే ఉంచాడు. నిద్రలో కూడా ముడవలేదు. మొదట్లో ప్రాణం పోయేంత నొప్పి. తరవాత వేళ్ళు సాగడం మొదలుపెట్టాయి. రోజుకింత, రోజుకింత. గోళ్ళూ వాటితో పాటే సాగాయి. చివరికి ఒక్కో కాలు ఆకులో సగం పరుచుకుంది. ఆకు మీద పరిగెత్తినా నీళ్ళ చుక్క మీదకి రావడం లేదు.

చూడ్డానికి వచ్చిన వాళ్ళకి మాత్రం వినోదం. "కాళ్ళా అవి, చీపురుపుల్లలా?" అని బుడుబుంగ పిన్ని ఆకు చుట్టూ తిరిగి తిరిగి నవ్వింది. "ఒక్కపూటలో నువ్వే ఊడ్చేయొచ్చురా సరస్సంతా!" అని ఒక బాతు అరిచింది. బుల్లబ్బాయి ఒక్కటే మాట అనేవాడు. "నవ్వుకోండి. నేను దిగనుగా."

గుడ్ల మీద కూర్చున్న వాడికి పనేముంది? రోజూ మధ్యాహ్నం సరస్సునే బతిమాలేవాడు. "అమ్మా, నీ అడుగు ఒక్కసారి చూపించమ్మా. చూసి ఊరుకుంటాను."

తొమ్మిది రోజులు సరస్సు పలకలేదు. పదో రోజున ఎండకి గాలి నిలిచిపోయిన వేళ, నీళ్ళు మెల్లగా కదిలాయి.

"నన్ను ఎవరూ అడగని మాట అడుగుతున్నావురా అబ్బాయ్" అంది సరస్సు. "అందరూ నా మీద పడి దూకేవాళ్ళే గానీ, చూపించమన్నవాడు లేడు. నేను పుట్టినప్పుడు అద్దంలా ఉండేదాన్ని. నదులు తెచ్చిన మట్టంతా కిందకి దించుకుని, దుప్పటిలా వేసుకుని హాయిగా పడుకునేదాన్ని. మీవాళ్ళొచ్చారు. ధైర్యం చూపించుకోవడానికి నా దుప్పటి గోకడం మొదలెట్టారు. తొలకరికి ఒక్కరోజా? మిగతా రోజుల్లో సాధనట. పొద్దున లేస్తే గోకుడే. దుప్పటంతా పైకి లేచి నాలో కలిసిపోయింది. నిద్ర లేదు, ఏం లేదు."

బుల్లబ్బాయి నోరు తెరిచాడు. "అంటే నీళ్ళు ఇలా అయింది మట్టిమునక వల్లేనా?"

"ఇంకెవరి వల్ల?"

"మరి లోపల ఎవరున్నారమ్మా?"

"నాకేం తెలుసు? నా కళ్ళ నిండా మట్టేగా!" అంది సరస్సు చిరాగ్గా. "ఒక్కపూట ఎవరూ కెలక్కుండా ఉంటే మట్టి దిగుతుంది. అప్పుడు నువ్వూ చూడు, నేనూ చూస్తాను."

ఆ మాట విని బుల్లబ్బాయి గూట్లోంచే కేకేసి మునసబుకి చెప్పాడు. ఒక్కపూట ఎవరినీ దిగనివ్వొద్దని దండం పెట్టాడు.

"సరస్సు నీతో మాట్టాడిందా?" అన్నాడు మునసబు. "ఎండదెబ్బ తగిలుంటదిరా. నెత్తి మీద కాసిని నీళ్ళు జల్లుకో. అయ్యో, నీకు నీళ్ళంటే భయం కదూ!"

ఇరవయ్యారో రోజున గుడ్లు పగిలాయి. నలుగురు పిల్లలు. బయటికొస్తూనే లేచి ఆకు మీద పరుగులు పెట్టారు. వాళ్ళకి అప్పుడే ఒళ్ళంతా కలిపి ఉన్నంత కాళ్ళు. బుల్లబ్బాయి వాళ్ళని చూసి చూసి, ఇదంతా తనవల్లే జరిగిందా అని తెల్లబోయాడు.

మూడోనాడు మునసబు ఊరందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. బాతులు, బుడుబుంగలు, ఎవరి పిల్లలతో వాళ్ళు ఆకుల చుట్టూ నీళ్ళలో తేలుతున్నారు. ఈసారి మునసబు కోపంగా మాట్లాడలేదు.

"చూడు బుల్లబ్బాయ్. నువ్వు దిగలేదు, పోనీ. పిల్లలేం పాపం చేశారు? వరద రేపో ఎల్లుండో వస్తది. ఆకులు చిరిగి కొట్టుకుపోతాయి. అప్పుడేం చేస్తావ్? నలుగురినీ ఒక్క మునక ముంచెయ్యి. కిక్కిసలో మంచి చోటు ఇప్పిస్తాను. నా మాట విను."

వరద మాట అబద్ధం కాదు. కిక్కిసలో చోటంటే పిల్లలకి ప్రాణమంత మాట. అందరూ చేసే పనే కదా, ఒక్క మునకే కదా, అన్నాయి లోపల్నుంచి ఏవో గొంతులు. ఒక్క క్షణం బుల్లబ్బాయి మనసు ఊగింది.

ఆకు అంచున నిలబడ్డ ఆఖరి పిల్ల నీళ్ళలోకి తొంగి చూస్తూ అంది. "నాన్నా, గడ్డిపోచ నడుస్తోంది."

బుల్లబ్బాయి చూశాడు. అది గడ్డిపోచ కాదు. అది మీసం.

అక్క గుర్తొచ్చింది. రెండు రెక్కలూ తెరిచి "లోపలికి రండర్రా!" అన్నాడు. ఇద్దరు ఈ రెక్క కింద, ఇద్దరు ఆ రెక్క కింద దూరారు. రెక్కలు బిగించి లేచి నిలబడ్డాడు. అటు నాలుగు, ఇటు నాలుగు చిన్న కాళ్ళు కిందకి వేలాడాయి.

"దిగరండి" అన్నాడు. "నేనూ దిగను, నా పిల్లలూ దిగరు. వరదొస్తే వరదతో తేల్చుకుంటాను. మీరు కూడా మీ పిల్లల్ని తీసుకుని ఒడ్డెక్కండి. అది ఇక్కడే ఉంది. నా కాళ్ళ కిందే ఉంది."

"ఏముందిరా నీ కాళ్ళ కింద, నీ పిండాకూడు!" మునసబు ఓర్పు చచ్చిపోయింది. "పిల్లల్ని కూడా పిరికిముండాకొడుకుల్ని చేత్తన్నావ్. నేను దిగి చూపిస్తాను. ఏమీ లేకపోతే నీ పని చెబుతాను!"

బుడుంగున మునిగాడు.

అందరూ ఎదురుచూశారు. ఎప్పుడూ తేలే వేళకి ఆయన తేలలేదు. ఉన్నట్టుండి నీళ్ళు కుతకుత ఉడికినట్టు లేచాయి. మునసబు కెవ్వుమంటూ పైకొచ్చాడు. ఆయన తోక ఒక నోట్లో ఉంది. ఆ నోరు తలుపు తీసిన గుమ్మంలా ఉంది. నోటికి అటూ ఇటూ రెండు మీసాలు.

వాలుగ. పొలుసుల్లేని నున్నటి ఒళ్ళు, చేపల్ని తినే చేప.

ఒక్క గుంజు గుంజి, తోక ఈకలన్నీ దాని నోట్లోనే వదిలేసి, మునసబు గెడ మీదకి ఎగబాకాడు. తక్కినవాళ్ళు పిల్లల్ని తోసుకుంటూ కిక్కిసలోకి పడ్డారు. ఆ గందరగోళానికి లేచిన అలలు గూటిని తిరగేశాయి. ఆకు నిలువునా చిరిగింది. నోటికందినది జారిపోయిన వాలుగ గిరుక్కున తిరిగి బుల్లబ్బాయి వైపు వచ్చింది.

బుల్లబ్బాయి ఎగరలేడు. రెక్కల నిండా పిల్లలు. పక్క ఆకు మీదకి అడుగేశాడు. దాని పక్క ఆకు మీదకి. వాలుగ వీపు ఆకుల్ని కింద నుంచి ఎత్తి ఎత్తి వదులుతోంది. తామరక్క పళ్ళు బిగించుకుని "పరుచుకో, పరుచుకో" అంటోంది. వేళ్ళు చాచి, బరువు ఎక్కడా కుప్పపడకుండా, ఆకు మీంచి ఆకు మీదకి నడుచుకుంటూ చివరి ఆకుదాకా వచ్చాడు.

అక్కడితో ఆకులు అయిపోయాయి. కిక్కిసకి ఇంకా నాలుగు బారల దూరం. మధ్యలో కుడితి నీళ్ళు.

"ఈదెయ్‌రా! నాలుగు బారలే!" అని అరిచారు అందరూ గడ్డిలోంచి.

"ఒరే, నేనొత్తన్నానుండు!" అని బుడుబుంగ పిన్ని మునగబోయింది. నవ్వితే నవ్వింది గానీ, పాపం, మంచిది.

"దిగొద్దు పిన్నీ!" బుల్లబ్బాయి గొంతు అంత గట్టిగా ఉంటుందని అతనికే తెలియదు. "ఎవ్వరూ దిగొద్దు! ఒక్కళ్ళు కూడా నీళ్ళు కదపొద్దు! ఇన్నాళ్ళూ మీరు చెప్పినట్టు నేను వినలేదని తిట్టారుగా. ఒక్కపూట నేను చెప్పినట్టు మీరు వినండి. కదలకండి!"

ఎవరూ కదల్లేదు. మాట మీద గౌరవంతో అనుకునేరు. భయంతో. ఇప్పుడు అందరికీ భయమే, మునసబుతో సహా.

గద్దని తరిమేసి అప్పుడే వచ్చింది మంగాయమ్మ. కింద సంగతి చూసి వాలుగ మీదకి దూకబోయింది. బుల్లబ్బాయి తల అడ్డంగా ఊపాడు. జీవితంలో మొదటిసారి మంగాయమ్మ నోరు మూసుకుని గడ్డి మీద వాలింది.

పొద్దు నడినెత్తి మీద ఉంది. బుల్లబ్బాయి ఆకు మీద నిలబడ్డాడు. వాలుగ వచ్చి ఆకుని మూతితో పొడిచింది. అతను వేళ్ళు ఇంకాస్త చాచాడు. మళ్ళీ పొడిచింది. పిక్కలు పట్టేశాయి.

"నాన్నా, ఆకలి" అంది రెక్క కింద నుంచి ఒక పిల్ల.

"కాసేపమ్మా."

"నీకు భయమేస్తోందా నాన్నా?"

"ఏస్తోందమ్మా. చాలా ఏస్తోంది. అయినా ఇక్కడే నిలబడతాను" అన్నాడు.

పొద్దు పడమటికి వాలింది. ఆ సరస్సులో పిట్ట అన్నది కదలకుండా అంతసేపు ఉండడం అదే మొదలు. సరస్సు ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. మెల్లగా, మెల్లగా, దుప్పటి కిందకి దించుకోవడం మొదలుపెట్టింది. ముందు జానెడు నీరు తేటబడింది. తరవాత మూరెడు. తరవాత బారెడు.

అప్పుడు అందరూ చూశారు.

పడవంత పొడుగు వాలుగ. ఇన్నాళ్ళూ తమ కాళ్ళ కింద, తమ పిల్లల పొట్టల కింద తిరిగింది ఇదే. దాని కింద అడుగు మట్టి. ఆ మట్టి మీద ఈకలు. తెల్లవి, గోధుమవి, బూడిదరంగువి, చిట్టి చిట్టి ఈకలు. ముందెళ్ళిపోయిన పిల్లలందరూ అక్కడికే వెళ్ళారు.

బుడుబుంగ పిన్ని, రెండేళ్ళ కిందట ముందెళ్ళిపోయిన తన చంటిదాన్ని పేరు పెట్టి పిలిచి, బావురుమంది. బుల్లబ్బాయి కళ్ళు అక్క కోసం వెతికాయి. అన్ని ఈకల్లో ఏది అక్కదో ఎలా తెలుస్తుంది?

వాలుగ బతుకంతా మసక నీళ్ళ చాటునే. ఇన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడేసరికి దానికి ఎటు తిరగాలో తెలియలేదు. మీసాలు ముడుచుకుని, పొట్ట అడుక్కి ఆనించుకుని, లోతట్టు నీళ్ళలోకి జారుకుంది.

బుల్లబ్బాయి తన ముందున్న నాలుగు బారల నీటిలోకి చూశాడు. అడుగు కనబడింది. ప్రతి గులకరాయీ కనబడింది.

"కనబడింది. ఇప్పుడు దిగుతాను" అన్నాడు.

దిగాడు. నడిచాడు. పాతాళం పాతాళం అని అందరూ బెదిరించిన లోతు అక్కడ అతని తొడలదాకానే ఉంది. అవతల ఎక్కి రెక్కలు తెరిచాడు. నలుగురూ దొర్లుకుంటూ వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తారు. మంగాయమ్మ ఒక్కొక్కరినీ ముక్కుతో తడిమి చూసుకుంది. తరవాత మొగుణ్ణి కూడా తడిమింది.

మునసబు గెడ మీద రెండు రెక్కలూ బారజాపి, ఉన్నాయో లేదో చూసుకుంటూ నిలబడ్డాడు. అక్కణ్ణించే అన్నాడు. "బుల్లబ్బాయ్, కిక్కిసలో నీకెక్కడ కావాలంటే అక్కడ కట్టుకో గూడు. మట్టి అక్కర్లేదు."

"వద్దండి. నాకు ఆకు చాలండి" అన్నాడు బుల్లబ్బాయి. "నాకు మీరివ్వాల్సింది చోటు కాదు. మీరు మట్టిమునక మానేయండి."

మానేస్తామని అందరూ రెక్కలెత్తి ఒట్టేశారు. ఏడు రోజులు మానేశారు కూడా. ఆ ఏడు రోజులూ సరస్సు అద్దంలా మెరిసింది. ఎనిమిదో రోజున చినుకులు పడ్డాయి. మునసబు కాళ్ళు దురద పెట్టాయి. ఒక్కసారికేం అవుతుందిలే అనుకుని బుడుంగున మునిగి మట్టి తెచ్చాడు. ఆయన్ని చూసి బాతులు, బాతుల్ని చూసి తక్కినవాళ్ళు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ కుడితి.

బుల్లబ్బాయి పిల్లల్ని రెక్కల కింద వేసుకుని, తన ఆకుల మీదకి తాను నడిచి వెళ్ళిపోయాడు. బుడుబుంగ పిన్ని కూడా కొంచెం మారింది. మునగడం మానలేదు గానీ, బుల్లిపిల్లల్ని నీళ్ళలో వదలకుండా వీపు మీద ఎక్కించుకుని తిరగడం మొదలుపెట్టింది. నీటికాకిని చూడండి, ఇప్పటికీ మునిగి వచ్చాక గెడ మీద రెక్కలు చాపి నిలబడతాడు. ఈకలు ఆరబెట్టుకుంటున్నానంటాడు. ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటున్నాడని మనకి తెలుసు.

అప్పటినుంచే తామరకోడి వేళ్ళు అంత పొడుగు. అప్పటినుంచే అది నీళ్ళ మీద కాక ఆకుల మీద నడుస్తుంది. వాళ్ళింట్లో గుడ్ల మీద తండ్రే కూర్చుంటాడు. అలికిడైతే చాలు, పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుని లేచి నడుస్తాడు. దగ్గరికెళ్ళి చూస్తే రెక్కల కింద నుంచి చిన్న చిన్న కాళ్ళు వేలాడుతూ కనబడతాయి. దిగరా, దిగరా అని సరస్సంతా ఇప్పటికీ అతన్ని వెక్కిరిస్తూనే ఉంటుంది. అతను ఆకు నడిబొడ్డున వేళ్ళు బారజాపి నిలబడి, మెడెత్తి, అందరికీ వినబడేలా ఒకటే కూత కూస్తాడు:

"కనబడితే దిగుతా! కనబడితే దిగుతా!"